రాజు లేని దేశంలో రాజద్రోహం!

మీకు తెలుసా? రాజద్రోహం చేయాలంటే రాజు ఉండి తీరాలనేమీ లేదు! అమెరికాలో రాజు లేడు. అయినా మాట జారినందుకు, కరపత్రం పంచినందుకు అక్కడ జనాన్ని రెండుసార్లు ఆ నేరం కింద బోనెక్కించారు. ఒకసారి 1798 చట్టంతో, ఇంకోసారి 1918 చట్టంతో. రాజు లేకపోతేనేం, కోపం ఉంటే చాలు!

మన గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు 1908లో 'స్వరాజ్య' పత్రికలో వచ్చిన రాతకి రాజద్రోహం కేసులో జైలుకెళ్లారని చదువుకున్నాం. ఇక్కడ ఏలేవాడు పరాయి రాజు. అమెరికాలో లోపలికి పంపింది వాళ్లు ఓటేసి తెచ్చుకున్న ప్రభుత్వమే. తలుపు తీసిందీ వాళ్లు ఎన్నుకున్న అధ్యక్షులే. ఆ తలుపులు తెరుచుకున్న కథలే ఈ విశేషాలు. కాచుకోండి!

మీకు తెలుసా? 1798 చట్టం ప్రకారం అధ్యక్షుణ్ణి దూషిస్తే జైలు. కాంగ్రెస్‌ని దూషిస్తే జైలు. ఉపాధ్యక్షుణ్ణి దూషిస్తే? ఏమీ లేదు! అప్పటి అధ్యక్షుడు జాన్ ఆడమ్స్. ఉపాధ్యక్షుడు ఆయనకి పక్కా ప్రత్యర్థి థామస్ జెఫర్సన్. జెఫర్సన్‌ని ఎంత తిట్టుకున్నా ఉచితం!

ఆ చట్టం ఆయువు కూడా లెక్క చూసే పెట్టారు. 1801 మార్చి 3తో సరి. ఆడమ్స్ పదవీకాలం చివరి రోజు అదే! వచ్చేవాడు తమని తిట్టినవాళ్ల మీద దాన్ని వాడకుండా ముందే గడియ పెట్టారన్నమాట.

ఫ్రాన్స్‌తో సముద్రం మీద కాల్పులు జరుగుతున్న రోజులవి. నెవార్క్ ఊళ్లో అధ్యక్షుడి రాకకి ఫిరంగులు పేల్చి స్వాగతం చెబుతున్నారు. కల్లు దుకాణం వైపు ఊగుతూ వస్తున్న లూథర్ బాల్డ్విన్ అనే ఆయన, ఆ గుండు అధ్యక్షుడి పిరుదులకి తగిలినా నాకు చింత లేదన్నాడు. అంతే, కేసు, జరిమానా! తాగి వాగిన మాటకి రాజద్రోహం. ఆ లెక్కన మన ఊళ్లలో రోజూ సాయంత్రం ఎంతమంది దొరికిపోయేవారో!

మీకు తెలుసా? ఈ చట్టం కింద శిక్షపడిన తొలి వ్యక్తి సాక్షాత్తూ కాంగ్రెస్ సభ్యుడు! వెర్మాంట్ ప్రతినిధి మాథ్యూ లయన్. నాలుగు నెలల జైలు, వెయ్యి డాలర్ల జరిమానా. అదే ఏడాది మొదట్లో సభలోనే ఇంకో సభ్యుడి మొహాన ఉమ్మేసిన ఘనుడు. దానికి జైలు లేదు. అధ్యక్షుణ్ణి విమర్శిస్తూ ఉత్తరం రాశాడు, దానికి జైలు!

జైల్లో ఉండగానే ఎన్నికలొచ్చాయి. లయన్ నిలబడ్డాడు. గెలిచాడు! ఊచల వెనక నుంచి సరాసరి సభకి. పేరు పలికితేనే సింహం కదా మరి!

ఇక్కడితో అయిపోలేదు. 1801లో జెఫర్సన్‌కీ, ఆరన్ బర్‌కీ ఓట్లు సరిసమానమై అధ్యక్షుణ్ణి సభ తేల్చాల్సి వచ్చింది. 35 సార్లు ఓటేసినా తెగలేదు. 36వ సారి వెర్మాంట్ ఓటు జెఫర్సన్‌కి పడింది. వేసిందెవరో చెప్పుకోండి చూద్దాం? మన లయనే! జైలుకి పంపిన ఆడమ్స్ వర్గానికి అంతకన్నా పెద్ద జవాబు ఉంటుందా!

జెఫర్సన్ గద్దెనెక్కగానే మొదట చేసిన పనుల్లో ఒకటి, ఆ చట్టం కింద శిక్షపడినవాళ్లకి క్షమాభిక్ష పెట్టడం. డేవిడ్ బ్రౌన్ అనే పేదవాడికి అందరికన్నా పెద్ద శిక్ష పడింది, 18 నెలలు. నేరం ఏమిటి? ఊరి మధ్య ఒక పొడుగాటి గుంజ పాతి, దానికి సర్కారును తిడుతూ బోర్డు కట్టించడంలో చేయి ఉందట! శిక్షాకాలం అయిపోయినా జరిమానా కట్టే స్తోమత లేక లోపలే ఉండిపోయాడు. దయ చూపమని పెట్టుకున్న అర్జీని ఆడమ్స్ తోసేశాడు. జెఫర్సన్ విడిపించాడు.

మీకు తెలుసా? క్షమాభిక్ష పుచ్చుకున్నవాడే పెట్టినవాడి కొంప ముంచిన కథ ఒకటుంది! పేరు జేమ్స్ కాలెండర్, పత్రికా రచయిత. ఆడమ్స్‌ని ఏకిపారేసినందుకు తొమ్మిది నెలల జైలు, 200 డాలర్ల జరిమానా. జెఫర్సన్ క్షమించి జరిమానా వాపసు ఇమ్మన్నాడు. డబ్బు రావడం ఆలస్యమైంది. పైగా రిచ్‌మండ్ పోస్ట్‌మాస్టర్ ఉద్యోగం అడిగితే జెఫర్సన్ ఇవ్వలేదు.

కాలెండర్‌కి మండింది. 1802లో కలం తీశాడు. జెఫర్సన్ తన ఇంట్లో బానిసగా ఉన్న శాలీ హెమింగ్స్‌తో పిల్లల్ని కన్నాడని అచ్చేశాడు. జెఫర్సన్ ఇంటివాళ్లు తరతరాలుగా కాదంటూ వచ్చారు. 1998లో డీఎన్ఏ పరీక్ష కాలెండర్ వైపే మొగ్గింది. దాదాపు 200 ఏళ్ల తర్వాత! ఆ పోస్టాఫీసు ఉద్యోగమేదో ఇచ్చేస్తే పోయేది కదా!

ఇంకో వింత. చట్టం మీద సంతకం పెట్టిన ఆడమ్స్, దాని బాధితుల్ని విడిపించిన జెఫర్సన్, ఇద్దరూ ఒకే రోజు కన్నుమూశారు. 1826 జూలై 4న. అమెరికా స్వాతంత్ర్య ప్రకటనకి సరిగ్గా 50 ఏళ్లు నిండిన రోజున! ఈ జూలై 4ని గుర్తుపెట్టుకోండి, మళ్లీ తగులుతుంది.

తగిలింది అప్పుడే! లయన్ కట్టిన జరిమానాని వడ్డీతో సహా ఆయన వారసులకి తిరిగి ఇమ్మంటూ కాంగ్రెస్ తీర్మానించింది. ఎప్పుడు? 1840 జూలై 4న. లయన్ పోయి అప్పటికి 18 ఏళ్లు. వడ్డీ వచ్చింది, మనిషి లేడు!

ఇక అంతర్యుద్ధం. మీకు తెలుసా? లింకన్ ఒక ఖైదీని జైలు తప్పించి శత్రువుల చేతిలో పెట్టాడు! క్లెమెంట్ వలాండిగమ్ ఒహాయో రాజకీయ నాయకుడు. 1863 మేలో యుద్ధాన్ని తిడుతూ ఉపన్యసించాడు. సైనిక న్యాయస్థానం యుద్ధం ముగిసేదాకా జైలంది. లింకన్ శిక్ష మార్చాడు. "అంత ఇష్టమైతే వాళ్ల దగ్గరికే పో" అన్నట్టు గీత దాటించి తిరుగుబాటు రాష్ట్రాల వైపు దింపించాడు!

ఆ మహానుభావుడు ఊరుకున్నాడా? అక్కణ్ణుంచి ఓడెక్కి కెనడా చేరి, కెనడాలో కూర్చునే ఒహాయో గవర్నర్ పదవికి పోటీ చేశాడు! ఓడిపోయాడనుకోండి. అయినా పక్క దేశం నుంచి ప్రచారం చేసిన గుండె చూడండి.

ఆయన చావు ఇంకా విడ్డూరం. 1871లో ఒక హత్య కేసులో లాయరు. చనిపోయినవాడు పొరపాటున తన్ను తానే కాల్చుకుని ఉంటాడని వాదన. అదెలాగో తోటి లాయర్లకి చూపించబోయాడు. చేతిలో ఉన్నది గుండ్లు లేని పిస్తోలు అనుకున్నాడు. ఢాం! ఆయనే పోయాడు. కక్షిదారు తర్వాత నిర్దోషిగా బయటపడ్డాడు. ప్రాణం పెట్టి వాదించడమంటే ఇదీ!

ఇప్పుడు అసలు పండగకి వద్దాం, మొదటి ప్రపంచ యుద్ధం. 1917 ఏప్రిల్‌లో అమెరికా రంగంలో దిగింది. జూన్‌లో గూఢచర్య చట్టం వచ్చింది. 1918 మేలో దానికి రాజద్రోహం తోక తగిలించారు. సర్కారునీ, రాజ్యాంగాన్నీ, జెండానీ, చివరికి సైనికుల యూనిఫామునీ కించపరిస్తే 20 ఏళ్ల దాకా జైలు, పదివేల డాలర్ల దాకా జరిమానా. చొక్కాని తిట్టినా నేరమే!

ఎంతమందిని పట్టుకున్నారనుకుంటున్నారు? రెండు వేల మందికి పైగా కేసులు, సుమారు వెయ్యి మందికి శిక్షలు. గూఢచర్య చట్టం కింద దొరికినవాళ్లలో అసలు గూఢచారులు ఎందరని మాత్రం అడక్కండి. ఉపన్యాసకులు, పత్రికలవాళ్లు, పాస్టర్లు, రైతులే ఎక్కువ.

మీకు తెలుసా? మాట్లాడినందుకు ఒక మూకీ సినిమాని పట్టుకున్నారు! సినిమా పేరు 'ద స్పిరిట్ ఆఫ్ 76'. నిర్మాత రాబర్ట్ గోల్డ్‌స్టీన్. కథ అమెరికా స్వాతంత్ర్య పోరాటమే. అందులో బ్రిటిష్ సైనికుల దురాగతాలు చూపించాడు. 1917లో బ్రిటన్ మిత్రదేశం. మిత్రుణ్ణి చెడ్డగా చూపిస్తావా అని పదేళ్ల శిక్ష వేశారు! సొంత దేశం పుట్టిన కథ తీస్తే దేశద్రోహమైపోయింది.

కోర్టులో ఆ సినిమా మీద నడిచిన కేసు పేరు 'అమెరికా సంయుక్త రాష్ట్రాలు వర్సెస్ మోషన్ పిక్చర్ ఫిల్మ్ ద స్పిరిట్ ఆఫ్ 76'! 1776 స్ఫూర్తి మీద అమెరికా వేసిన దావా. కథలు రాసేవాళ్లకి కూడా ఇంత మంచి పేరు తట్టదు. అధ్యక్షుడు ఉడ్రో విల్సన్ తర్వాత శిక్షని మూడేళ్లకి తగ్గించాడు. సినిమా మాత్రం ఇప్పుడు ఎక్కడా లేదు, ఒక్క ప్రింటు కూడా మిగల్లేదు.

కేట్ రిచర్డ్స్ ఓహేర్ నలుగురు పిల్లల తల్లి. 1917 జూలైలో నార్త్ డకోటాలోని బోమన్ అనే చిన్న ఊళ్లో ఉపన్యసించింది. ఐదేళ్లు వేశారు. అదే ఉపన్యాసాన్ని అంతకుముందు ఎన్నో ఊళ్లలో ఇచ్చింది, ఎవరూ పట్టుకోలేదు. బోమన్‌కి మాత్రం చెవులు పెద్దవి!

1920లో విల్సన్ శిక్ష తగ్గించి ఆమెను వదిలాడు. తర్వాత అధ్యక్షుడు కూలిడ్జ్ పూర్తి క్షమాభిక్ష ఇచ్చాడు. 1939లో ఆమెకో ఉద్యోగం వచ్చింది. ఏం ఉద్యోగమో ఊహించండి! కాలిఫోర్నియా జైళ్ల శాఖలో సహాయ డైరెక్టరు! మాజీ ఖైదీ జైళ్లు బాగుచేయడానికి వచ్చింది. లోపలి కష్టం ఆమెకన్నా ఎవరికి తెలుసు?

ఈ మధ్యలో ఆమె చేసిన పనికి నేను చేతులెత్తి దండం పెడతాను. తను బయటపడ్డాక ఇంటిపట్టున కూర్చోలేదు. ఇంకా లోపలే ఉన్న ఖైదీల భార్యల్నీ, పిల్లల్నీ కూడగట్టి 1922లో వాషింగ్టన్ తీసుకెళ్లింది. 'పిల్లల దండయాత్ర' అని పేరు. పసిపిల్లలు అట్టముక్కల మీద "మా నాన్నని వదలండి" అనే అర్థం వచ్చే రాతలు పట్టుకుని వైట్‌హౌస్ గేటు ముందు నిలబడ్డారు. ఏప్రిల్ చివర్లో వెళ్తే అధ్యక్షుడు హార్డింగ్ కలిసింది జూలైలో! ఎండాకాలమంతా ఆ పిల్లలు కదల్లేదు.

మీకు తెలుసా? కరపత్రాలు కిటికీలోంచి విసిరినందుకు 20 ఏళ్లు! 1918 ఆగస్టు, న్యూయార్క్. రష్యాకి అమెరికా సైన్యాన్ని పంపొద్దంటూ ఇంగ్లీషులో ఒకటి, యిద్దిష్ భాషలో ఒకటి అచ్చేసి మేడ మీద నుంచి వదిలారు. కాగితాలు గాల్లో తేలుతూ వీధిలో నడిచేవాళ్ల నెత్తిన పడ్డాయి. ముగ్గురు మగవాళ్లకి ఇరవయ్యేసి ఏళ్లు, మాలీ స్టైమర్ అనే అమ్మాయికి 15 ఏళ్లు. ఆమెకి ఇంకా 21 నిండలేదు, ఎత్తు నాలుగడుగుల తొమ్మిది అంగుళాలు! ఆ పిట్టంత పిల్లని చూసి అంత పెద్ద దేశం ఉలిక్కిపడింది.

1921లో వాళ్లని వదిలారు, ఒక షరతు మీద. రష్యా వెళ్లిపోవాలి! వెళ్లారు. రెండేళ్లకే అక్కడి సర్కారు కూడా మాలీని వెళ్లగొట్టింది. అమెరికాకి ఆమె మరీ ఎర్ర, రష్యాకి చాలినంత ఎరుపు కాదు! చివరికి మెక్సికో చేరి, భాగస్వామితో కలిసి ఫోటో స్టూడియో పెట్టుకుంది. 1980 దాకా బతికింది.

కార్మిక సంఘం ఐడబ్ల్యూడబ్ల్యూ మీద చికాగోలో నడిచిన కేసు ఇంకో రికార్డు. నెలల తరబడి విచారణ. ముద్దాయిలు దాదాపు వంద మంది. జ్యూరీ లోపలికెళ్లి గంట తిరక్కుండానే అందరూ దోషులే అని వచ్చేసింది. మనిషికి అర నిమిషం పైచిలుకు! మనం కూరగాయలు ఏరడానికి అంతకన్నా ఎక్కువసేపు తీసుకుంటాం.

ఆ జడ్జి పేరు కెనెసా మౌంటెన్ లాండిస్. అవును, అది కొండ పేరే! అంతర్యుద్ధంలో తండ్రి గాయపడిన చోటు పేరు కొడుక్కి పెట్టుకున్నారు. 1920లో ఆయన్నే బేస్‌బాల్ ఆటకి తొలి కమిషనర్‌గా ఎన్నుకున్నారు. కోర్టులోనూ మైదానంలోనూ అవుట్ చెప్పడమే పని!

ముద్దాయిల్లో నల్లజాతి నాయకుడు బెన్ ఫ్లెచర్ ఒకడు. పదేళ్లు పడ్డాయి. ఇంగ్లీషులో 'సెంటెన్స్' అంటే వాక్యం, శిక్ష కూడా. "ఇవాళ జడ్జిగారి ఇంగ్లీషు బాలేదు, సెంటెన్సులు మరీ పొడుగ్గా ఉన్నాయి" అన్నాడట! పదేళ్ల జైలు నెత్తిన పడిన క్షణంలో శ్లేష తట్టిందంటే ఆ మనిషి ఎలాంటివాడో చూడండి. 1922లో వదిలారు. 1933లో పూర్తి క్షమాభిక్ష దక్కింది.

మీకు తెలుసా? క్షమాభిక్ష ఇస్తామంటే వద్దన్నవాళ్లున్నారు! లెవెన్‌వర్త్ జైల్లోని ఐడబ్ల్యూడబ్ల్యూ ఖైదీలు 50 మందికి పైగా, ఒక్కొక్కరం విడివిడిగా దయ అడగబోమని 1922లో హార్డింగ్‌కి బహిరంగ లేఖ రాశారు. అందరిదీ ఒకటే కేసు, వదిలితే అందరినీ వదలండి అని. తలుపు తీసి ఉన్నా పక్కవాడి కోసం లోపలే కూర్చోవడం! ఎంత గుండె కావాలి!

మెక్సికో విప్లవకారుడు రికార్డో ఫ్లోరెస్ మగోన్‌ది 20 ఏళ్ల శిక్ష. చూపు పోతోంది. క్షమించమని అడిగితే వదిలే వీలుంది. అడగలేదు. తప్పు చేయలేదు కాబట్టి పశ్చాత్తాపం లేదన్నాడు. 1922 నవంబరులో ఆ జైల్లోనే పోయాడు. ఈ ఒక్క చోట నాకు ఆశ్చర్యార్థకం పెట్టబుద్ధి కావడం లేదు.

ఇక ఇందరిలోకీ మహారాజు! మీకు తెలుసా, జైల్లో ఖైదీగా ఉండి అమెరికా అధ్యక్ష పదవికి పోటీ చేసి తొమ్మిది లక్షల పైచిలుకు ఓట్లు తెచ్చుకున్నవాడున్నాడని? యూజీన్ విక్టర్ డెబ్స్. ఇండియానా రాష్ట్రం, టెర్రెహోట్ ఊరు. పేరులోనే ఇద్దరు ఫ్రెంచి నవలా రచయితలున్నారు, యూజీన్ స్యూ, విక్టర్ హ్యూగో! నాన్నగారు అంత పుస్తకాల పిచ్చివాడు.

1918 జూన్ 16, ఒహాయోలోని కాంటన్ పట్టణం. పార్కులో సభ. యుద్ధాన్ని వ్యతిరేకించి అప్పటికే జైల్లో పడ్డ ముగ్గురు నేస్తాల్ని పలకరించి, నేరుగా వేదికెక్కాడు డెబ్స్. యుద్ధాలు ప్రకటించేది పైవర్గం, పోరాడి చచ్చేది కిందివర్గం అన్నాడు. జనంలో ఒకడు మాత్రం చప్పట్లు కొట్టకుండా గబగబా షార్ట్‌హ్యాండ్ రాసుకుంటున్నాడు. సర్కారు మనిషి! రెండు వారాల్లో అరెస్టు.

కోర్టులో తన తరఫున ఒక్క సాక్షిని కూడా పిలవలేదు. తనే లేచి జ్యూరీతో మాట్లాడాడు. ఆ మాటలు నేనే అన్నాను, ఒక్కటీ వెనక్కి తీసుకోను అన్నాడు. పదేళ్లు వేశారు. వయసు 62! లెక్క చూసుకోండి, బయటికొచ్చేసరికి 70 దాటాలి.

1919 మార్చిలో సుప్రీంకోర్టు తొమ్మిదికి తొమ్మిది మంది శిక్ష సరేనన్నారు. తీర్పు రాసింది ఆలివర్ వెండెల్ హోమ్స్. అదే హోమ్స్ ఎనిమిది నెలలు తిరిగేసరికి, మాలీ స్టైమర్ వాళ్ల కేసులో, భావాల్ని స్వేచ్ఛగా పోటీ పడనివ్వండంటూ అసమ్మతి తీర్పు రాశాడు! ఎనిమిది నెలలు ముందు రాకూడదా ఆ బుద్ధి?

అట్లాంటా జైల్లో డెబ్స్ ఖైదీ నంబరు 9653. 1920లో సోషలిస్టు పార్టీ ఆయన్నే అభ్యర్థిగా నిలబెట్టింది. ఆ కబురు చెప్పడానికి పార్టీవాళ్లు జైలుకే వచ్చారు. ప్రచార బ్యాడ్జీ మీద ఆయన బొమ్మ, కింద 'అధ్యక్ష పదవికి ఖైదీ నంబరు 9653'! సిగ్గుపడాల్సిన నంబరుని ఛాతీ మీద పెట్టుకు తిరిగారు జనం.

ప్రచారం ఎలా చేశాడంటారా? వారానికి 500 మాటలు! పత్రికలకి అంతే ఇవ్వనిచ్చారు. ఊరూరా తిరగడం లేదు, రైలు లేదు, మైకు లేదు. 1908లో 'రెడ్ స్పెషల్' అని సొంతంగా రైలు పెట్టుకుని దేశమంతా తిరిగిన మనిషి, ఈసారి గది దాటలేదు. అయినా అన్నిసార్లలోకీ ఎక్కువ ఓట్లు ఈసారే పడ్డాయి!

మరో కొసరు. ఫలితాల్ని వాణిజ్య రేడియోలో చెప్పిన తొలి అధ్యక్ష ఎన్నిక అదే, పిట్స్‌బర్గ్‌లోని కేడీకేఏ స్టేషన్ నుంచి. ఆడవాళ్లకి రాజ్యాంగం ఓటు హక్కు ఇచ్చాక వచ్చిన తొలి అధ్యక్ష ఎన్నిక కూడా అదే. అభ్యర్థుల్లో ఒకడు మాత్రం తనకి తను ఓటేసుకునే వీలు లేనివాడు!

మీకు తెలుసా? ఓడిన జర్మనీ ఇలాంటి ఖైదీని గెలిచిన అమెరికా కన్నా మూడేళ్లు ముందే వదిలింది! యుద్ధం వద్దన్నందుకు కటకటాల వెనక్కి పోయిన కార్ల్ లీబ్‌క్నెక్ట్‌ని జర్మనీ 1918 అక్టోబరులో, ఇంకా తుపాకులు పేలుతుండగానే విడిచిపెట్టింది. అమెరికాలో శాంతి వచ్చాక కూడా డెబ్స్ లోపలే.

ఇంకా వినండి. 1921 మార్చికల్లా రాజద్రోహం సవరణనే రద్దు చేశారు. చట్టం పోయింది, ఖైదీ మిగిలాడు! తాళం పారేసి తలుపు మాత్రం తీయనట్టు.

డెబ్స్‌ని వదలమని విల్సన్‌కి సిఫారసు చేసిందెవరో తెలిస్తే ముక్కున వేలేసుకుంటారు. అటార్నీ జనరల్ మిచెల్ పామర్! వేలాది ఎర్రజెండా వాళ్లని రాత్రికి రాత్రి ఏరి పట్టించిన పామరే. ముసలివాడు, ఒంట్లో బాగాలేదు, లింకన్ పుట్టినరోజున వదిలేద్దాం అన్నాడు. విల్సన్ ఆ కాగితం మీద ఒక్క మాట రాశాడు: తిరస్కరించాను. విల్సన్‌కి నోబెల్ శాంతి బహుమతి ప్రకటించి అప్పటికి రెండు నెలలు కూడా నిండలేదు.

పామర్ గారింటి మీద 1919 జూన్‌లో బాంబు పడింది. ఎదురింట్లో కాపురం ఎవరిదో తెలుసా? ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్‌ది! అప్పటికి నౌకాశాఖలో అధికారి. పద్నాలుగేళ్ల తర్వాత ఈ కథకి చివరి సంతకం పెట్టింది ఆయనే. కాస్త ఆగండి, వస్తున్నా.

1921 మార్చిలో హార్డింగ్ వచ్చాడు. ఆయన అటార్నీ జనరల్ హ్యారీ డాహర్టీ, డెబ్స్‌తో స్వయంగా మాట్లాడాలన్నాడు. డెబ్స్ అట్లాంటాలో రైలెక్కి వాషింగ్టన్ వెళ్లాడు. పక్కన పోలీసు లేడు, చేతికి బేడీ లేదు! మాట్లాడి, మళ్లీ రైలెక్కి, తనంతట తనే జైలుకి తిరిగొచ్చాడు. దేశానికి ప్రమాదమని పదేళ్లు వేసిన మనిషి!

జర్మనీతో యుద్ధం ముగిసిందన్న తీర్మానం మీద హార్డింగ్ సంతకం పెట్టింది 1921 జూలై 2న, న్యూజెర్సీలో గోల్ఫ్ ఆట మధ్యలో ఆపి! సంతకం చేసి మళ్లీ ఆటకి పోయాడు. డెబ్స్‌కి మాత్రం ఇంకో ఆరు నెలలు పట్టింది.

1921 డిసెంబరు 23న ప్రకటన వచ్చింది. డెబ్స్‌తో కలిపి 24 మందికి క్రిస్మస్ రోజున విడుదల. భార్యతో కలిసి పండగ భోజనం చేయనివ్వండి అన్నాడట హార్డింగ్. సొంత పార్టీలో గొణిగినవాళ్లున్నారు, మాజీ సైనికుల సంఘం భగ్గుమంది. అయినా మాట మార్చలేదు. హార్డింగ్ మీద నాకు ఎన్ని ఫిర్యాదులున్నా ఈ ఒక్క పనికి ఆయన్ని మెచ్చుకుంటాను.

ఆ విడుదల ఘట్టం ఒక్కసారి కళ్ల ముందు తెచ్చుకోండి. పొడుగాటి సన్నని ముసలాయన గేటు వైపు నడుస్తున్నాడు. వెనక రెండు వేల మందికి పైగా ఖైదీలు. ఆ రోజు జైలు అధికారి రూల్సు పక్కన పెట్టి వాళ్లని ముందువైపుకి రానిచ్చాడు. ఒక్కసారిగా హోరు! దొంగలు, హంతకులు, దొంగ నోట్లవాళ్లు, అందరూ అరుస్తున్నారు. డెబ్స్ వెనక్కి తిరిగి టోపీ ఎత్తాడు. కళ్లలోంచి నీళ్లు ధారగా కారుతున్నాయి. ఎన్నికల్లో పడ్డ తొమ్మిది లక్షల ఓట్లకన్నా ఆ కేక పెద్దది.

అప్పట్లో విడుదలయ్యే ఖైదీ చేతిలో జైలువాళ్లు ఐదు డాలర్లు పెట్టేవారు. ఆ ఐదు డాలర్లు డెబ్స్ ఏం చేశాడు? మరణశిక్ష ముప్పులో ఉన్న సాకో, వాంజెటీ అనే ఇద్దరు ఇటాలియన్ కార్మికుల కేసు నిధికి పంపేశాడు! జేబులో జైలు డబ్బు కూడా మిగుల్చుకోలేదు.

ఇంటికెళ్లే దారిలో వైట్‌హౌస్‌కి రమ్మన్నాడు హార్డింగ్. "మీ గురించి విన్నది ఇంతా అంతా కాదు, మొత్తానికి కలిశాను, సంతోషం" అంటూ చేయి కలిపాడు. 1920 ఎన్నికలో గెలిచినవాడు, అదే ఎన్నికలో జైలు నుంచి ఓడినవాడు, ఒకే గదిలో!

కానీ ఒక మెలిక ఉంది. డెబ్స్‌కి దక్కింది క్షమాభిక్ష కాదు, శిక్ష తగ్గింపు మాత్రమే. నేరం అలాగే ఉండిపోయింది, పౌరహక్కులు తిరిగి రాలేదు. ఐదుసార్లు అధ్యక్ష పదవికి నిలబడినవాడు! 1924లో ఫిన్లాండ్ నుంచి ఒకాయన నోబెల్ శాంతి బహుమతికి ఆయన పేరు సూచించాడు. 1926లో డెబ్స్ పోయాడు.

లోపల ఇంకా మిగిలినవాళ్లని వదిలింది కాల్విన్ కూలిడ్జ్. 1923 డిసెంబరులో చివరి 31 మంది. కూలిడ్జ్‌కి 'మౌని కాల్' అని పేరు, నోట్లోంచి మాట రాలడం గగనం. మాటలకి జైలుకెళ్లినవాళ్లని మాట్లాడనివాడు విడిపించాడు! ఆయన పుట్టినరోజు ఎప్పుడంటారు? జూలై 4! ఆ రోజున పుట్టిన అమెరికా అధ్యక్షుడు ఆయనొక్కడే.

ఇక ఎదురింటాయన. 1933 క్రిస్మస్‌కి రూజ్‌వెల్ట్ ఒక ప్రకటన చేశాడు. యుద్ధకాలపు చట్టాల కింద శిక్ష అనుభవించేసిన సుమారు 1,500 మందికి పూర్తి క్షమాభిక్ష, పౌరహక్కులు వాపసు. డెబ్స్ వెళ్లిపోయి అప్పటికి ఏడేళ్లు.

క్రిస్మస్‌కీ క్షమాభిక్షకీ ఏదో బంధుత్వం ఉంది! అంతర్యుద్ధపు తిరుగుబాటుదారులందరికీ ఆండ్రూ జాన్సన్ క్షమాభిక్ష ప్రకటించింది 1868 డిసెంబరు 25న. మన దేశంలో రాజకీయ ఖైదీలకి బ్రిటిష్ రాజు క్షమాభిక్ష ప్రకటన వచ్చింది 1919 డిసెంబరు 23న. హార్డింగ్ ప్రకటనా డిసెంబరు 23నే! శాంటాక్లాజ్ సంచిలో తాళంచెవులు కూడా ఉంటాయేమో.

మన మాట వచ్చింది కాబట్టి ఇదీ చెప్పాలి. ఆ యుద్ధకాలంలోనే, అమెరికాలో ఉంటూ భారత స్వాతంత్ర్యం కోసం పోరాడిన గదర్ పార్టీ వీరుల మీద శాన్‌ఫ్రాన్సిస్కోలో కేసు నడిచింది. అమెరికా తటస్థ చట్టాన్ని మీరి బ్రిటిష్ ఇండియా మీద కుట్ర పన్నారని అభియోగం. 1918 ఏప్రిల్‌లో విచారణ చివరి రోజున కోర్టు హాల్లోనే ఒక ముద్దాయి ఇంకో ముద్దాయిని కాల్చేశాడు. కాల్చినవాణ్ణి అధికారి అక్కడికక్కడే కాల్చేశాడు! సినిమాలో పెడితే అతి అంటాం.

మీకు తెలుసా? ఆ గదర్ పార్టీలో తెలుగువాడూ ఉన్నాడు! దరిశి చెంచయ్య గారు. అమెరికాకి చదువుకోడానికెళ్లి విప్లవంలో కలిశారు. ఆ ముచ్చట్లన్నీ 'నేనూ నా దేశం' అనే ఆత్మకథలో రాసుకున్నారు.

రెండో ప్రపంచ యుద్ధానిది ఒక్క కథ చెప్తాను. అది రాజద్రోహం కాదు, దేశద్రోహం కేసు. ఐవా తొగూరి లాస్ ఏంజెలస్‌లో పుట్టిన జపనీయుల బిడ్డ. పుట్టిన తేదీ 1916, మళ్లీ జూలై 4! యుద్ధం మొదలైనప్పుడు జపాన్‌లో చిక్కుకుపోయి, రేడియోలో మాట్లాడింది. 'టోక్యో రోజ్' ఈవిడే అన్నారు. నిజానికి టోక్యో రోజ్ అనే మనిషే లేదు, సైనికులు రేడియో ఆడగొంతులన్నిటికీ కలిపి పెట్టుకున్న పేరది! పదేళ్ల శిక్ష, ఆరేళ్లకి పైగా జైలు.

1976లో బయటపడింది, కీలక సాక్షులిద్దరూ ఒత్తిడికి లొంగి అబద్ధం చెప్పారని. 1977 జనవరి 19న అధ్యక్షుడు ఫోర్డ్ క్షమాభిక్ష ఇచ్చాడు. పదవిలో ఆయనకి మిగిలిన ఆఖరి పూర్తి రోజు అది! ఇంకొక్క రోజు దాటితే కలం చేతులు మారేది.

చివరిగా ఒక పొడుపు. ఫెడరల్ చట్టానికి నమూనా మొంటానా రాష్ట్రంలో 1918లో చేసిన చట్టం. దాని కింద శిక్షపడినవాళ్లు 79 మంది. మద్యం అమ్ముకుంటూ తిరిగే ఒకాయన, యుద్ధకాలపు ఆహార నిబంధనలు పెద్ద జోకు అన్నాడు. ఏడున్నర నుంచి 20 ఏళ్ల శిక్ష! జోకు అన్నందుకు!

యూనివర్సిటీ విద్యార్థులు పాత కాగితాలు తిరగేసి, ఆ ఖైదీల మనవల్ని వెతికి పట్టుకుని, గవర్నర్ ముందు అర్జీ పెట్టారు. గవర్నర్ బ్రయాన్ ష్వైట్జర్ కూడా జర్మన్ మూలాలున్న వలస కుటుంబం మనవడే. 2006 మేలో సంతకం పెట్టాడు. 88 ఏళ్ల తర్వాత! తాతల తరఫున మనవలు, మునిమనవలు వచ్చి ఆ కాగితాలు అందుకున్నారు.

అయితే ఆ రోజు క్షమాభిక్ష దక్కింది 78 మందికే. శిక్షపడింది 79 మందికి కదా, ఆ ఒక్కరూ ఏమైనట్టు? ఆలోచించండి... ఆలోచించండి... ఆయనకి అప్పట్లోనే, బతికుండగానే ఇచ్చేశారు!